బీపీ గోలీలు

చిన్నరాములు చేతులను సుతిలి తాడుతో కట్టి కంపెనీ వ్యానులో దవాఖానకు పట్టుకొచ్చారు. వారంగా అతనికి నిద్ర లేదు. పొద్దున షిఫ్టులో నీళ్ల ట్యాంకు ఎక్కి, ఈ కంపెనీ నాదే, అందరికీ సెలవు అని అరిచాడు. కిందున్నవాళ్లు నవ్వారు. ఆ తర్వాత అతను చొక్కా విప్పేసి ట్యాంకు అంచు మీద నడిచాడు. నవ్వు ఆగిపోయింది.

ఎక్కి దింపింది అన్న సంగయ్యే. అదే కంపెనీలో రసాయనాలు కాగే రియాక్టర్ దగ్గర ఆపరేటర్.

దవాఖానలో డాక్టరు గదికి తలుపు లేదు. పచ్చ పరదా ఉంది. తల్లి ముత్యమ్మ, కొడుకులిద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కంపెనీ పంపిన సునీల్‌కుమార్ కూడా లోపలికే వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"డాక్టరమ్మా, నీకు గూడ సెలవే. ఇంటికి పో," అన్నాడు చిన్నరాములు.

"జెర ఊకో బిడ్డా," అని ముత్యమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

డాక్టరు కృష్ణప్రియ పాత చీటీ చూసింది. "ఈ మందుకు తగ్గలేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా? ఈ జబ్బు కొంత రక్తసంబంధంలో నడుస్తుంది. తోడబుట్టినవాళ్లకు పడిన మందు ఇతనికీ పడే వీలు ఎక్కువ. తెలిస్తే దాంతోనే మొదలుపెడతాను. తెలియకపోతే ఒక్కొక్కటీ వేసి చూడాలి. అందాకా ఇతన్ని ఎవరు కాస్తారు?"

ముత్యమ్మ పెద్దకొడుకు వైపు చూసింది. సంగయ్య నేల చూశాడు.

"ఎవ్వరికి లేదు మేడం."

అతని వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఎవరైనా అడిగితే మిషన్ల అదురు అంటాడు. పెళ్లికి ముందు అతనూ ఇట్లాగే రాత్రీ పగలూ పొలాల్లో పడి తిరిగాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కినా తగ్గలేదు. ఊరు కాని ఊళ్లో ఒక డాక్టరు రాసిన లిథియం గోలీలకు తగ్గింది. అప్పటినుంచీ అవే మింగుతున్నాడు. ఈ వణుకూ వాటిదే. ముత్యమ్మ వాటిని మెంతుల డబ్బాలో పెడుతుంది. పెళ్లాం కూడా బీపీ గోలీలనే అనుకుంటుంది. నిరుడు ఒక హెల్పర్ ఇట్లాంటి మందు వాడుతున్నాడని తెలిసి మధ్యాహ్నానికల్లా గేటు బయట నిలబెట్టారు. సంగయ్యను ఈ దసరాకు పర్మినెంట్ చేస్తామన్నారు.

సునీల్‌కుమార్ ముందుకు వంగాడు. "అంటే వాళ్లన్నకి కూడా వస్తుందాండీ? రియాక్టర్ దగ్గరుంటాడు మరి."

"రావాలని లేదు. వచ్చినా మందు వేసుకుని మామూలుగా పని చేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. మీరు బయట కూర్చోండి."

"కంపెనీ పంపితే వచ్చానండి. వెళ్లి చెప్పుకోవాలి." అతను కదల్లేదు.

చిన్నరాములు మణికట్లు అన్న ముందుకు చాపాడు. సుతిలి కోసుకుని చర్మం లేచింది. "జెర వదులు చెయ్యే అన్నా. మండుతుంది."

సంగయ్య ముడి పట్టుకున్నాడు. వేళ్లు నిలవలేదు. ముడి రాలేదు. చిన్నరాములు ఆ వేళ్లను చూసి నవ్వాడు.

"నీకు గూడ సెలవే అన్నా."

ముత్యమ్మ లేచింది.

"సారూ, నువ్వు బయటికి నడువు."

"నన్నా?"

"నిన్నే. నా కొడుకులను పనికి పంపిన. వాళ్ల నెత్తురు మీకు రాసియ్యలే."

సునీల్‌కుమార్ డాక్టరు వైపు చూశాడు. ఆమె పరదా వైపు చెయ్యి చూపింది. "ముసలమ్మకి కూడా ఉన్నట్టుందే," అని నవ్వుకుంటూ బయటికి పోయాడు.

పరదా పడింది. కింద జానెడు సందు. ఆ సందులో నల్ల బూట్లు ఆగాయి. ముత్యమ్మ వాటిని చూడలేదు. సంగయ్య చూశాడు.

"మేడం," అన్నాడు. గొంతు తగ్గించబోయి తగ్గించలేదు. "నాకయింది. లిథియం ఏసుకుంటున్న. దాంతోనే నయమైంది."

డాక్టరు కలం తీసింది. సంగయ్య వంగి తమ్ముడి ముడిని పళ్లతో పట్టి లాగాడు.

బూట్లు అక్కడే ఉన్నాయి.