కాకిరేవు జనాభా

నేను ఒక ఊరి బోర్డును. ఊరేదీ అని చుట్టూ చూడకండి, ఇప్పుడది లేదు.

రాష్ట్రానికి ఉత్తరపు కొసన, ప్రాణహిత ఒడ్డున, బస్సు ఇక ముందుకు పోలేక వెనక్కి తిరిగే చోట కాకిరేవు ఉండేది. బొగ్గు బాయి పడ్డాక పుట్టిన ఊరు. విరిగిపోయిన బొగ్గు టబ్బు రేకును చదును చేసి బాయి వర్క్‌షాపులోనే నన్ను తయారుచేశారు. పెయింటర్ ఓదెలు నీలం రంగు పూసి, తెల్లగా 'కాకిరేవు, జనాభా 6214' అని రాశాడు. రోడ్డు వైపు ముఖం పెట్టి పాతారు. ఊరికి ముఖాన్ని నేనే, కానీ ఊరిని ఒక్కనాడూ చూడలేదు, అంతా వినడమే. సైరన్ కూత, దాని వెనకే ఎసటి గిన్నెల చప్పుడు, షిఫ్టు దిగి దగ్గుతూ వచ్చేవాళ్ళ సైకిళ్ళు, ఆదివారం అంగట్లో చేపల బేరాలు. ఇంత గోల చేసేవాళ్ళు ఎక్కడికి పోతారులే అనుకునేదాన్ని.

మిగతా ఊళ్ళలో జనాభా అంకె పదేళ్ళకోసారి మారుతుంది. కాకిరేవు వాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున నా ముందుకు ఎత్తుకొచ్చేవారు, ఓదెలు ఒకటి కలిపేవాడు. ఎవరైనా పోతే పాడెను నా కిందే దించేవారు. దింపుడు కళ్ళం నాదే. చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి, పలక్కపోతే ఓదెలు ఒకటి తీసేయాలి. మనుషులకు చావు మీద కూడా నమ్మకం లేదు, అడిగి మరీ తెలుసుకుంటారు. ఎంతమందిని పిలిచినా ఒక్కరూ పలకలేదు.

ఒక వానాకాలం మొదటి షిఫ్టులో, పక్కనున్న పాత బాయి నీళ్ళు గోడ పగలగొట్టుకుని లోపలికొచ్చాయి. తొమ్మిదిమంది పోయారు. ఎనిమిది పాడెలే వచ్చాయి. దొరకని మనిషి రాయలింగు. ఓదెలు ఎనిమిది తగ్గించి, కుంచె ఎత్తి తొమ్మిదోది కూడా తీయబోతుంటే రాయలింగు భార్య కనకవ్వ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"పీనుగు రాలే, పేరు పిలువలే. పిలువకముందే ఎట్ల తీస్తవ్ ఓదన్నా?"

అతను తీయలేదు. ఆ తరువాత జనాభా లెక్కలవాళ్ళు ఎప్పుడొచ్చినా వాళ్ళకూ నాకూ ఒకటి తేడా. తప్పు నాదేనని నవ్వుకుని పోయేవారు. పుస్తెలు తీయమని సగం ఊరు, తీయొద్దని సగం ఊరు కనకవ్వ ప్రాణం తోడేశాయి. పాపం ఆమె అడిగింది ఒక్కటే. మనిషో, పీనుగో, ఏదో ఒకటి తేలాలి.

పదిహేడేళ్ళు గడిచాక, మంచి బొగ్గంతా ఊరి కిందే ఉందని తేలింది. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ వస్తుంది, ఊరు లేవాలన్నారు. లారీలు నా ముందు నుంచే వెళ్ళాయి. ఓదెలు రోజుకు ముప్పై, నలభై చొప్పున తగ్గిస్తూ చివరికి మూడుకు తెచ్చాడు. అతను, కనకవ్వ, రాయలింగు. తనను తానే తీసేసుకుని కనకవ్వ వైపు తిరిగాడు.

"నన్ను తీసెయ్," అంది ఆమె. "ఆయనను ఉండనియ్యి."

వాళ్ళిద్దరూ కొత్త కాలనీకి పోయారు. నా మీద ఒకటి మిగిలింది. నాకు భయం పట్టుకుంది ఆనాటి నుంచే. సైరన్‌ను ఊడదీసుకుపోయినా, మొదటి షిఫ్టు వదిలే వేళకు, పట్టపగలే, నా వెనక ఎవరో దగ్గుతూ వచ్చి ఆగేవారు. రేకును నేను, తల తిప్పలేను కదా.

ఇంకో రెండేళ్ళకు యంత్రాలు ఆ తొమ్మిదిమంది మునిగిన సొరంగాన్ని తెరిచాయి. మొన్న మధ్యాహ్నం ఒక జీపు వచ్చి ఆగింది. కనకవ్వ దిగింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, తడిగుడ్డ.

"ఎముక ముక్క కూడా దొరకలేదమ్మా," అన్నాడు వెంట వచ్చిన ఆఫీసరు. "మీ ఆయన టిఫిన్ మాత్రం లోపల రాతి గట్టు మీద ఉంది. కడిగి బోర్లించి ఉంది. అదే ఎవరికీ అర్థం కావడం లేదు."

కనకవ్వ టిఫిన్‌ను పాడెలాగా నా కింద దించింది. పేరు పిలవాల్సింది పాలివాళ్ళు. వాళ్ళెవరూ మిగల్లేదు, ఓదెలు కూడా పోయినేడు పోయాడు. మొగుడి పేరు ఏనాడూ నోట అనని మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని పిలిచింది.

"రాయలింగూ."

చెట్ల మీద పిట్టలు కూత ఆపేశాయి.

"రాయలింగూ."

మూడోసారి ఏడుపు లేకుండా, ఇంటి గడపలో నిలబడి పిలిచినట్టుగా పిలిచింది. ఆఫీసరు టోపీ తీశాడు. నా అంకె తుడవడానికి కనకవ్వ లేచి గుడ్డ ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నన్ను దాటి నా వెనక్కి చూస్తోంది. ఆ మొహంలో భయం లేదు. నిజం చెప్పొద్దూ, చిరాకు ఉంది.

"గింత ఆల్శమా?" అంది. "బువ్వ సల్లారిపాయె."

ఒకటిని శుభ్రంగా తుడిచింది. కింద పడి ఉన్న బొగ్గు ముక్క తీసుకుని, వంకరగా రెండు వేసింది. టిఫిన్ చంకన పెట్టుకుని నా వెనక్కి నడిచిపోయింది. డ్రైవర్ చాలాసేపు హారన్ కొట్టాడు.