దొంగ ఊపిరి

పొద్దు వాలేసరికి పనులు కట్టిపెట్టి వాగు ఇసుకలో చెడుగుడు ఆడటం రాచర్ల మగవాళ్ళకు అన్నం తిన్నంత అలవాటు. రాజ్యం దొరలదైనా ఆటకు మాత్రం కాటమరాజే దొర. నడిమి గీత ఆయనే సున్నంతో గీసేవాడు. కూత మధ్యలో ఎవడైనా దొంగ ఊపిరి పీలిస్తే, తిరిగొచ్చి తొక్కగానే ఆ గీత ఎర్రబడేది, వాడి అరికాళ్ళూ ఎర్రబడేవి. ఎర్రకాళ్ళవాడు జన్మలో మళ్ళీ ఆడకూడదు. వాన పడితే తడుస్తాం అన్నట్టే అందరికీ తెలిసిన సంగతి ఇది.

ఈస్టరు మరునాడు మార్కాపురం పలకల గనులవాళ్ళు పందేనికి వచ్చారు. ఆట సరిసమానంగా నడుస్తోంది! చివరి కూతకు ఓబులేసు దిగాడు. పగలంతా గొర్రెల వెంట తిరిగే అతన్ని ఊళ్ళో నలుగురూ పేరుపెట్టి పిలిచేది ఈ ఆట వల్లే. ఇద్దర్ని తాకాడు. మూడోవాడు కాలు పట్టేశాడు. ఊపిరి అయిపోయింది. ఎవరికీ వినపడకుండా ఒక్క గుక్క పీల్చి, విదిలించుకుని గీత మీదికి దూకాడు.

గీత ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎర్రబడింది.

"పీల్చినావా?" అన్నాడు కాటమరాజు.

"పీల్చినా మామా." ఓబులేసు ఎర్రబడిన తన అరికాళ్ళు చూసుకున్నాడు.

"పో బయటికి. మళ్ళీ రావాకు."

అప్పుడు జట్టు నాయకుడు కరుణాకరం ముందుకొచ్చాడు. మిషను బడి పంతులు. ఆటంటే అతనికి ప్రాణం.

"మామా, గీతకు ఒక జత కాళ్ళే కదా కావాల్సింది? నావి తీసుకోమను."

"నీ తప్పేముంది పంతులూ?"

"ఏమీ లేదు. అందుకే అడుగుతాండా."

వెళ్ళి గీత మీద నిలబడ్డాడు. ఎరుపంతా గీతలోంచి, ఓబులేసు కాళ్ళలోంచి జారి అతని పాదాలకెక్కింది. గీత అప్పుడే గీసినంత తెల్లగా అయింది.

"ఏంది అన్నా ఇది! తప్పు నాది కదా!" ఓబులేసు ఏడ్చేశాడు.

"నా తప్పుకు యేసయ్య ఎప్పుడో సిలువెక్కినాడురా. ఆ సంతోషం నేనొక్కణ్ణే ఎన్నాళ్ళు దాచుకునేది? పో, ఆడు."

కరుణాకరం పోయి జనంలో కూర్చున్నాడు. కాటమరాజు గీత వంక చూసి, "తెల్లగుంది. మళ్ళీ కూత పెట్టు ఓబులేసూ" అన్నాడు.

ఓబులేసు ఏడుస్తూ నవ్వుతూ ఉరికాడు. అతను చెడుగుడు అనడం లేదని జనానికి కాసేపటికి గానీ తెలియలేదు.

"నా బదులు నా బదులు నా బదులు..."

ఒకణ్ణి తాకాడు! ఇంకొకణ్ణి! నలుగురు మీదపడ్డా, వాళ్ళను ఈడ్చుకుంటూ, కూత తెగకుండా గీత దాటి పడ్డాడు. గీత తెల్లగానే ఉంది.

వాగు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కేక పెట్టింది, ఇక ఎన్నడూ ఆడలేని ఆ ఎర్రకాళ్ళ పంతులే.