అలకపాన్పు ఎక్కిన కంప్యూటర్

గురువారం కొన్న కంప్యూటర్ ఇవాళ పదకొండింటికి బల్ల దిగి, నడుచుకుంటూ వెళ్లి మా పెద్ద మంచం మీద కూర్చుంటుంది. వైరు చాలకపోతే గోడే రెండడుగులు ముందుకి జరుగుతుంది.

నాలుగు రోజుల్లో ఇది ఆగిపోవడం నలభై రెండోసారి. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, మిగతాదంతా బిగుసుకుపోయింది. నా దరఖాస్తు మూడో పేజీలో ఉంది. పశువైద్య డిప్లొమాకి ఇవాళ ఐదింటితో ఆఖరు.

"అలకపాన్పెక్కిందర్రా," అంటుంది మామ్మ. "కొత్తగా వచ్చింది కదా, ముచ్చట తీర్చాలి."

"ప్లగ్గు పీకి మళ్లీ పెడితే సరి, మామ్మా."

"అల్లుడిగారి ముందు ఆ పీకడాలేంటే," అని అమ్మ నా చేతి మీద ఒక్కటేసి, పెట్టెలోంచి పట్టు దుప్పటి తీస్తుంది.

నాన్న కండువా సర్దుకుని మంచం పక్కన నిలబడతారు. "ఏం కావాలి బాబూ? మొహమాటపడకండి."

తెర మీద 'ఫ్యాన్' అని పడుతుంది. సీలింగు ఫ్యాన్ కిందికి దిగి, దాని తలాపున నిలబడి విసురుతుంది. దరఖాస్తు ఒక్క గడి కదిలి ఆగిపోతుంది.

తర్వాత అది మా మధ్యాహ్నం అడుగుతుంది.

"ఎలాగూ పడుకోవడమేగా," అని నాన్న ఇచ్చేస్తారు. గడియారంలో పన్నెండు తర్వాత నాలుగున్నర వస్తుంది. కిటికీలో ఎండ తనని తాను మడతపెట్టుకుని మంచం కిందికి వెళ్లిపోతుంది. ఎవరమూ అన్నం తినలేదు, అయినా అందరికీ తేన్పులొస్తాయి. దరఖాస్తు ఇంకో గడి కదులుతుంది.

మూడోసారి అది నా పేరు అడుగుతుంది.

"పేరే కదమ్మా," అంటారు నాన్న. "ఇచ్చేయ్. మా మేనత్త పేరు ఖాళీగానే ఉంది, అది పెట్టుకుందువుగాని."

"ఇవ్వను."

"సీటు పోద్దే కస్తూరీ," అంటుంది అమ్మ.

"పేరిచ్చేశాక ఆ సీటులో ఎవరు కూర్చుంటారు?"

మంచానికెదురుగా చాప పరిచి నేనూ అలుగుతాను. దానిది నాలుగు రోజుల అలక, నాది పంతొమ్మిదేళ్లది. అందులోంచి ఒక్కటే తీసి ముందు పెడతాను: మా గేదె ఈనుతుంటే నాన్న నన్ను "ఆడపిల్లవి, లోపలికి పో" అన్న రోజు.

ఫ్యాన్ ఆగుతుంది. వీధిలో బస్సు ఆగుతుంది. ఐదు గంటలు మా గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పి, లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడతాయి. తెర మీద చక్రం పరుగు మాని నడుస్తుంది, కాసేపటికి చతికిలబడుతుంది.

కంప్యూటర్ మంచం దిగి నా చాప అంచున కూర్చుంటుంది. 'మీకేం కావాలండీ' అని తెర మీద పడుతుంది.

"దరఖాస్తు వెళ్లాలి. నా పేరుతోనే."

తెర మెల్లగా ఉబ్బుతుంది. దాని మధ్యలోంచి రెండు తడి గిట్టలు బయటికొస్తాయి. నేను కుర్తా చేతులు పైకి మడిచి వాటిని పట్టుకుంటాను. నాన్న "లోపలికి" అనబోయి, నోరు మూసుకుని, గోనెపట్టా తెచ్చి నా ముందు పరుస్తారు.

ముట్టె వస్తుంది, తర్వాత చెవి. చెవికి బిళ్ల ఉంది. బిళ్ల మీద దరఖాస్తు నంబరు, దాని కింద ఇంకా ఆరని అక్షరాల్లో కస్తూరి.

గుమ్మంలో ఐదు గంటలు మొహం పక్కకి తిప్పుకుంటాయి.

"మెల్లిగా లాగవే," అంటుంది మామ్మ, కంప్యూటర్ వీపు నిమురుతూ. "దానికిది తొలిచూలు."