విప్పి కుట్టిన పరుపులు

మోకాళ్లు మొరాయించి మేనమామ ఇంటిపట్టున ఉండిపోయాక, పరుపుల దుకాణం మేనకోడలి చేతికి వచ్చింది. అంతకుముందు ఆమె కూడా వెనుకగదిలో నేలమీద కూర్చుని, దబ్బనం పట్టి పరుపులు కుట్టినదే. ముందుగదిలోని కుర్చీ ఆమెదైన నాటినుంచీ వెనుకగది నవ్వులు ఆమెవి కాకుండా పోయాయి. గడపలో అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయి, దూది ఏకే చప్పుడొక్కటే మిగిలేది. ఒక్క వదిన మాత్రం తలెత్తి పలకరించేది. నిజానికి చుట్టరికమేమీ లేదు; ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని కుట్టగా కలిసిన వరుస అది.

మేనమామ దగ్గర కూర్చుని ఆమె వ్యాపారం నేర్చుకునేది. ఏ సరుకు ముందుగా తెప్పించాలో, ఏ పని ఎవరికి ఒప్పగించాలో, ఇచ్చిన మాట గడువులోగా నిలబెట్టుకోవడం ఎంతటి వ్రతమో ఆయన ఓపికగా చెప్పేవాడు. "కొన్నవాడు పరుపు విప్పి చూడడమ్మా. చూసేవాడు పైన ఒకడున్నాడనుకుని కుట్టించు" అన్నది ఆయన ఉపదేశసారం.

అంతలో వదిన కుట్టు జారుతుండడం ఆమె కంటపడింది. దూదిని పట్టి ఉంచవలసిన దారం వదులై, వేలు పెడితే లోపలికి దిగిపోతున్నది. వదినకు చూపు మందగించింది. ఆ సంగతి చెబితే, దుకాణంలో తనకు మిగిలిన ఒక్క మనిషీ దూరమవుతుందన్న భయంతో ఆమెకు నోరు పెగల్లేదు. సాయంత్రం అందరూ వెళ్లాక తలుపు వేసుకుని, వదిన కుట్టిన పరుపులు విప్పి తానే తిరిగి కుట్టసాగింది. ఒక్క చేతి పని ఎంతకని తెములుతుంది? పిల్లల వసతిగృహానికి ఇస్తామన్న పరుపుల గడువు దాటిపోయింది. పిల్లలు కటికనేల మీద పడుకుంటున్నారని అక్కడివాళ్లు వచ్చి మొహం మీదే అనిపోయారు.

ఆమె దాచలేక మేనమామకు చెప్పుకుంది. ఆయన సూటిగా అడిగాడు.

"నీకు తోడు పోతుందని పిల్లల్ని నేలమీద పడుకోబెట్టావు. ఇది దయ ఎలా అవుతుందమ్మా?"

మర్నాడు వదినను ముందుగదికి పిలిచింది. ఉన్నమాట చెప్పింది. ఇకపై దూదిని చేత్తో తడిమి మంచిచెడ్డలు చూడమనీ, జీతానికి లోటు రానివ్వననీ అన్నది.

వదిన తేలిగ్గానే నవ్వింది. "నా కళ్ల సంగతి నాకు తెలీదా? అద్దాలు పెడితే మా ఆయన అమ్మమ్మా అని పిలుస్తాడని భయం." అని, ఉన్నట్టుండి ఆగింది. "మరి ఇన్నాళ్లూ నేను కుట్టినవి?"

ఆమె తల వంచుకుని అదీ చెప్పింది.

వదిన నవ్వు మాయమైంది. "పొద్దున నాతో కబుర్లాడి, సాయంత్రం నా పని విప్పుకుంటూ కూర్చున్నావా? మొదటిరోజే తిడితే పడేదాన్ని కదే. నోరారా వదినా అంటూనే నన్ను పరాయిదాన్ని చేశావు."

కొత్త పనిలో వదిన కుదురుకుంది. పరుపులు అన్న రోజుకు అందుతున్నాయి. మధ్యాహ్నం వెనుకగదిలో అందరూ కలిసి అన్నాలు తింటారు. ముందుగదిలో ఆమె ఒక్కతే డబ్బా మూత తీస్తుంది.

ఒకనాడు, ఆమె స్వయంగా ఎంచి తెచ్చిన దూది బస్తాను వదిన అందరూ చూస్తుండగా ఈడ్చుకొచ్చి బల్లముందు పడేసింది. "పైన కొత్తది, అడుగున అంతా పాతది. ఇది పరుపులోకి పోదు."

వెనుకగదిలో చేతులు ఆగిపోయాయి.

"సరిగ్గా చూడకుండా తెచ్చాను, తప్పు నాదే. తిరిగి పంపించేస్తాను" అన్నదామె. కూర్చోమన్నట్టు పక్కకుర్చీ జరిపింది. వదిన ఆ కుర్చీ వంక చూడకుండానే తలూపి, లోపలికి వెళ్లిపోయింది. ఆమె లేచి, బస్తా మూతి బిగించి కట్టి, వీధిగుమ్మం దాకా ఒక్కతే లాక్కుపోయింది.