గోడ పక్క తంగేడు

బియ్యం కడిగిన నీళ్లు తీసుకుని కృపారాణి గోడ పక్కకు నడుస్తుంటే వెనక నుంచి భర్త జయపాల్ గొంతు వినిపించింది. "గింత మంచి ఇల్లు గట్టుకుంటిమి. ముంగట గా అడివి చెట్టేంది? పక్కింటోళ్లు కుండీలల్ల రంగురంగుల ఆకుల చెట్లు పెట్టిండ్రు, చూసినవా?"

చూసింది. వాటి మీద ఒక్క సీతాకోకచిలుకైనా వాలడం మాత్రం చూడలేదు. ఆ మాట పైకి అనడానికి తీరిక ఎక్కడిది? పొయ్యి మీద కూర, అత్త బుగ్గమ్మకు మందులు, ఆ తర్వాత కొంగరకలాన్ ఫ్యాక్టరీ బస్సు. ఇబ్రహీంపట్నంలో ఈ ఇల్లు కట్టినప్పుడు ఆమె జీతం కూడా కలిసింది గానీ, గేటు రంగు నుంచి వంటింటి అర ఎత్తు దాకా అన్నీ జయపాలే చెప్పాడు. ఆ అర ఆమెకు అందదు. పీట వేసుకుని ఎక్కుతుంది. ఎవరూ పట్టించుకోనిది గోడ పక్క మూరెడు మట్టి ఒక్కటే. తల్లిగారి చేను ప్లాట్లయిన ఏడాది, గెట్టు మీది తంగేడు కాయలు కొంగున ముడేసుకొచ్చి అక్కడ చల్లింది. ఒక్క మొక్క బతికింది. నడుమెత్తు పెరిగి పసుపుపచ్చగా పూసింది. తుమ్మెదలొచ్చాయి. సీతాకోకచిలుకలు లేతాకుల మీద గుడ్లు పెట్టాయి. పొద్దున ఆ చెట్టు దగ్గర నిలబడిన కాసేపూ తననెవరూ దేనికీ పిలవకపోతే బాగుండునని ఉండేది ఆమెకు.

గుడ్లు పురుగులయ్యాయి. ఆకులు చిల్లులు పడ్డాయి.

"ఆదివారం ఇంట్ల ప్రార్థన కూటముంది. ఇయ్యాల్నే తీయించి బండలు ఏయిస్త," అన్నాడు జయపాల్.

"ఉండనీ. గవి రెక్కలొచ్చి ఎగిరిపోతయి."

అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. బస్సు వచ్చింది.

ఆ రోజంతా చేతులు యంత్రం దగ్గర, మనసు గోడ దగ్గర. పోతే మళ్లీ విత్తుదామంటే ఆ చేను లేదు. ఏడిస్తే, చెట్టుకోసం ఏడుస్తారా అంటారు.

సాయంత్రం గేటు తెరిచేసరికి, చెట్టు ముందు కుర్చీ వేసుకుని బుగ్గమ్మ కనిపించింది. పురుగుల చెట్టని రోజూ సణిగే బుగ్గమ్మ.

"బండలేసే హన్మంతు గడ్డపార వట్టుకొని వచ్చిండు. నేనే పొమ్మన్న."

"నువ్వా అత్తమ్మా?"

"మీరు పనికి పోయినంక నాతోని ఎవరుంటరు? గీ తుమ్మెదలే." ముసలామె రాలిన పువ్వొకటి ఏరుకుంది. "ఇంట్ల ఇంత జాగ నాదనుకోవాల్నని నాకెన్నడు తోచలే బిడ్డా. నీకు తోచింది. ఎట్ల తీయనిస్త?"

కృపారాణి భుజాన సంచీతోనే అత్త కాళ్ల దగ్గర కూలబడింది. బుగ్గమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

అన్నాల దగ్గర జయపాల్ చిరాకుపడ్డాడు. "అత్తాకోడండ్లు ఒక్కటైన్రా?"

"ఆ చెట్టు నాది," అంది కృపారాణి. గొంతు పెంచలేదు. "తీయాల్నంటే నన్ను అడుగు."

జయపాల్ తల్లి వైపు చూశాడు. ఆమె మజ్జిగ కలుపుకుంటోంది. ముద్ద చేతిలో పట్టుకుని భార్య వైపు తిరిగాడు.

"సరే, అడుగుతున్న. తీయించాల్నా?"

"వద్దు," అంది కృపారాణి, తన కంచం ముందుకు లాక్కుంటూ.