పసుపుపచ్చ కొండలు

"బల్ల ఖాళీ చేయమ్మా, వాడొచ్చే వేళయింది" అన్నారు అత్తగారు.

ఈ ఇంట్లో ఎండ సరిగ్గా పడేది భోజనాల బల్ల మీదే. అంట్లు తోమడం అయ్యాక, కాఫీలు మొదలయ్యేలోపు ఆ వెలుగు నాది. ఇవాళ గిన్నెలు తోమే స్పాంజిని నల్లగుడ్డ మీద నిలబెట్టాను. వెనక నీలం దుప్పటి, పక్కన వెలుగు మళ్ళించడానికి తెల్ల అట్ట. నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు వేసి, ఊపిరి బిగబట్టి, ఫోన్‌కి తగిలించిన బుల్లి లెన్స్‌లోంచి చూస్తే ఇక స్పాంజి కనబడదు. గుహలూ లోయలూ కనిపిస్తాయి. తిండి తినే బల్ల మీద అంట్ల సామానేమిటని అత్తగారు విసుక్కుంటారు. ఇంట్లో ఊరికే ఉంటుంది కదా, ఏదో కాలక్షేపం అని మా ఆయన వెనకేసుకొస్తారు. ఆ 'ఊరికే'కి నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఎప్పటిలాగే ఒక్క ఫోటో తీసి, మధ్యలోనే అన్నీ సర్ది, స్పాంజిని సింకులో పడేసి కాఫీ పెట్టాను.

ఆయన వచ్చి, క్యారేజీ సింకులో పెట్టి, బల్ల మీదున్న నా ఫోన్ చూశారు. ఫోటో ఇంకా తెరిచే ఉంది. ముఖం మారిపోయింది.

"నాకు చెప్పకుండా ఎప్పుడెళ్ళావు ఇక్కడికి? ఎవరితో?"

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని తొంగిచూశారు. "సముద్రం ఒడ్డులా ఉందిరా" అన్నారు.

పసుపుపచ్చ కొండలు, పాదాల దగ్గర నురగ, పైన నీలం ఆకాశం. నాకు నవ్వొచ్చింది. పెళ్ళయిన నాటినుంచీ ఈ ఇంట్లో ఆ స్పాంజి లేని రోజు లేదు. నా గోళ్ళు అరిగింది దానితోనే. ఆయన గుర్తుపట్టలేదు. ఒక్కసారైనా చేత్తో పట్టుకుని ఉంటే కదా గుర్తుపట్టడానికి.

"అడిగేది నిన్నే" అన్నారాయన.

సింకులోంచి స్పాంజి తీసి, తడితడిగానే ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇక్కడికే. రోజూ మూడుపూటలా ఒక్కదాన్నే వెళ్ళొస్తున్నాను. ఇవాళ మీరు వెళ్ళిరండి, మీ క్యారేజీ అక్కడే ఉంది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ ఫోటో వైపు చూసి, దానితోనే లోపలికి వెళ్ళారు. బల్ల మీద ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంది. మడతపెట్టిన నల్లగుడ్డ మళ్ళీ పరిచి, దాని మీద చిటికెడు పంచదార చల్లాను. బల్ల ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది.

అత్తగారు బల్ల మీంచి తన కాఫీ కప్పు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.