తువ్వాళ్ళతో పాటు ఉడికిన బ్రష్

పని దాచుకునే పెద్దలారా, తప్పు మీది! ఏళ్ళ తరబడి పక్కన నిలబెట్టుకుని ఊడ్పిస్తారు, ఉతికిస్తారు, అసలు కిటుకు మాత్రం కడుపులో పెట్టుకుంటారు. తీరా పని చెడితే ఇంతెత్తున లేస్తారు. ఎందుకు చెడింది? మీరు నోరు విప్పలేదు కాబట్టి చెడింది. నమ్మరా? అయితే ఈ సెలూన్ సంగతి వినండి.

వీధి మలుపులో ఒక్క కుర్చీ సెలూన్. నడిపేది తండ్రి, సాయం కూతురు. ఆమెకి ఇరవై ఆరేళ్ళు, అందులో ఏడేళ్ళు ఆ షాపులోనే గడిచాయి. రోజూ పొద్దున్నే వెనక గదిలో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి తువ్వాళ్ళు ఉడకబెట్టడం ఆమె పని. కత్తెర కూడా వచ్చు. కత్తి కూడా వచ్చు. జనం కత్తిని చూసి భయపడతారు గానీ, తండ్రి కత్తిని మొదటి ఏడాదే ఆమె చేతికిచ్చాడు. నురగ పూసే బ్రష్ మాత్రం ముట్టనివ్వలేదు.

"కత్తి గీసేది చివర్లో. గడ్డాన్ని దారికి తెచ్చేది నురగ" అనేవాడు. ఎలా తెస్తుందో మాత్రం చెప్పడు. నురగ పూసేటప్పుడు వీపు అడ్డం పెట్టుకుని మరీ పూసేవాడు. కన్నకూతురి దగ్గర ఏం దాపరికమో!

అలాంటి మనిషి తన షాపులోనే సబ్బు నీళ్ళ మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నాడు డాక్టరు.

"షాపు మూసేద్దాం" అన్నాడు తండ్రి.

"నేను లేనా నాన్నా?"

ఆయన కూతుర్ని కిందా మీదా చూశాడు. "సరే. శనివారం గంటాయన వస్తాడు. ఆయనకి నువ్వు గడ్డం చెయ్యి. మెచ్చుకున్నాడా, కుర్చీ నీది. మధ్యలో లేచిపోయాడా, నా చెయ్యి అతుక్కునేదాకా షాపుకి తాళం. ఆ తర్వాత కూడా నీకు తువ్వాళ్ళే."

గంటాయన అంటే బడిలో ముప్పై ఏళ్ళు గంట కొట్టి రిటైరైన మనిషి. శనివారం తొమ్మిదికి రావాలంటే తొమ్మిదికే వస్తాడు, నిమిషం అటూ ఇటూ కాదు. చర్మమేమో పసిపిల్లాడిది, గడ్డమేమో ఇనప తీగ.

ఆ శనివారం కూతురు ఏడింటికే షాపు తీసింది. నేల తుడిచింది, అద్దం తుడిచింది. తండ్రి పెట్టె తెరిచి బ్రష్ తీసింది. కొయ్య పిడి, పంది వెంట్రుకల కుచ్చు, కుచ్చు మొదట్లో పాత సబ్బు తెల్లగా పేరుకుని ఉంది. ఏడేళ్ళుగా శుభ్రం అంటే ఆమెకి తెలిసింది ఒక్కటే, ఉడకబెట్టడం. తువ్వాళ్ళతో పాటు బ్రష్‌నీ గిన్నెలో పడేసి పావుగంట కుతకుతలాడించింది. తీసి చూస్తే తళతళలాడుతోంది. మురిసిపోయింది పిచ్చితల్లి.

తొమ్మిదికి గంటాయన కుర్చీలో కూర్చున్నాడు. తండ్రి మెడకి చెయ్యి వేలాడేసుకుని బెంచీ మీద, పెళ్ళిచూపులకొచ్చిన మేనమామలా బిగుసుకుని కూర్చున్నాడు. కూతురు నురగ తీసి బుగ్గ మీద గట్టిగా అదిమి రుద్దింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి నురగలో నల్లగా ఏవో కనిపించాయి. వెంట్రుకలు! రెండు, ఐదు, పది. బ్రష్ ఎత్తితే కుచ్చులో సగం ఆయన గడ్డానికే అంటుకుపోయింది.

గంటాయన అద్దంలో చూసుకున్నాడు. "అమ్మాయ్, నేను గడ్డం తీయించుకోడానికొచ్చాను. పెట్టించుకోడానికి కాదు."

"ఏం చేశావే దాన్ని?" బెంచీ మీంచి తండ్రి గర్జించాడు.

"ఉడకబెట్టాను."

"ఉడకబెట్టావా? అదేమన్నా దుంపా? లోపల అతికించిన జిగురంతా కరిగిపోదూ! పదకొండేళ్ళ బ్రష్ అది!"

కూతురి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ నోరు మూతపడలేదు. "ఉడకబెట్టకూడదని ఏ రోజు చెప్పావు నాన్నా? ఏడేళ్ళు నీ వీపే చూశాను. నీ వీపు మీద రాసుందా?"

తండ్రి కట్టు కట్టిన చెయ్యి సర్దుకున్నాడు.

గంటాయన లేవబోయాడు. ఇక షాపుకి తాళమే అనుకుంది కూతురు. ఆయన లేచింది తువ్వాలు అందుకోడానికి. మొహం తుడుచుకుని మళ్ళీ చతికిలబడ్డాడు. "ఏమయ్యా, పిల్ల అడిగిందానికి జవాబు చెప్పు. నేనూ వింటాను."

తండ్రి బెంచీ మీంచి లేచాడు. ఎడమ చేత్తో సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన ఇంకో బ్రష్ తీశాడు. "ఇది నీదే. రెండేళ్ళుగా షాపు మూశాక నా గడ్డానికి దీన్నే వాడుతున్నాను. పంది వెంట్రుక కొత్తలో ముల్లులా గుచ్చుకుంటుంది. వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడుతుంది. నీ కోసమే మెత్తబరిచాను."

చూశారా ఈ మనిషిని! రెండేళ్ళు పంది వెంట్రుకని మచ్చిక చేశాడు గానీ, కూతురికి రెండు ముక్కలు చెప్పడానికి నోరు రాలేదు.

"ఇప్పుడు చెప్పు మరి" అంది కూతురు.

చెప్పాడు. "గోరువెచ్చటి నీళ్ళు. నీ వేలికి హాయిగా ఉంటే బ్రష్‌కీ హాయే. ఆయన మొహం మీద వేడి తువ్వాలు వేసి, ఈలోగా దీన్ని నాననివ్వు. ఆఁ, తియ్. ఒక్కసారి విదుల్చు. సబ్బు మీద కొసలతోనే గుండ్రంగా తిప్పు. ఎండిపోతోందా? రెండు చుక్కలు పొయ్, చెంబెడు కాదు. ఇక మొహం మీద... అదమకే! కుచ్చు విచ్చుకుపోయి మొదట్లో విరుగుతుంది. గోడకి సున్నం వేసినట్టు పైపైన."

"నా మొహం గోడా?" నురగలోంచి గంటాయన.

"మాట్లాడకండి పెదనాన్నా, నోట్లోకి పోతుంది" అంది కూతురు, పైపెదవి మీద బ్రష్ తిప్పుతూ.

నురగ దట్టంగా, మీగడలా నిలబడింది. కత్తి దాని మీద నున్నగా సాగిపోయింది. ఎక్కడా గీత లేదు, మంట లేదు. గంటాయన బుగ్గలు నిమురుకుని ఎడమ బుగ్గ దగ్గర కాసేపు ఆగాడు. "మీ నాన్న ఇక్కడ ఎప్పుడూ కొంచెం వదిలేసేవాడు. ఇన్నేళ్ళూ మొహమాటానికి ఊరుకున్నాను." తలుపు దగ్గర వెనక్కి తిరిగి, తండ్రికి కాదు, కూతురికి చెప్పాడు: "వచ్చే శనివారం, తొమ్మిదికి."

ఆయన వెళ్ళాక తండ్రి మిగతాదీ చెప్పేశాడు, అడక్కుండానే. కుచ్చు మొదట్లో సబ్బు మిగలకుండా కడగాలి. మెలిపెట్టకుండా వేళ్ళ మధ్య ఒత్తి పిండాలి. పెట్టెలో మూసిపెట్టకుండా కుచ్చు కిందికి ఉండేట్టు గాలికి వేలాడదీయాలి. "పెట్టెలో పెట్టి నేనే తప్పు చేశాను. నువ్వు చూస్తావని" అని నసిగాడు. కూతురు పకపకా నవ్వింది. అద్దం పక్కన మేకు కొట్టి బ్రష్‌ని అందరికీ కనబడేలా వేలాడదీసింది.

"నాన్నా, సోమవారం నుంచి తువ్వాళ్ళు నువ్వు ఉడకబెట్టు. ఎడమ చెయ్యి బాగానే ఉందిగా."

"ఎంతసేపు ఉడకాలే?"

"అదా? నేను నీలా దాచుకోను, పద చెప్తాను."

విన్నారుగా పెద్దలారా? వీపు పక్కకి తిప్పండి. మీ పెట్టెలు తెరవండి. చెయ్యి విరిగేదాకా ఆగక్కర్లేదు, ఇవాళే మీ బ్రష్‌ని పిల్లల చేతికివ్వండి. ఊరికే ఇవ్వడం కాదు, నోరు తెరిచి చెప్పి మరీ ఇవ్వండి!